గోదావరి పాత వంతెన: కట్టింది మూడేళ్ళు, కాచింది తొంభై ఏడేళ్ళు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పాత వంతెన చరిత్ర గురించి పావుగంట మాట్లాడమన్నారు. కరోనా నాటి 18 నెలల డి.ఎ. బకాయిల సంగతి నా తరువాత వారే చెపుతారట. ముందు అది చెప్పేస్తే నా మాట వినడానికి హాల్లో ఎవరూ మిగలరని వారికి బాగా తెలుసు. కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

నేను పుట్టింది 1946లో, గోదావరి స్టేషను దగ్గర గ్యాంగు క్వార్టర్లలో. మా నాన్న పాత వంతెన మీద కీమాన్. నేను అదే వంతెన మీద ఖలాసీగా చేరి, మేస్త్రీనయ్యాను. వంతెన మూతపడ్డాక మిగిలిన తొమ్మిదేళ్ళూ వేరే వంతెనల మీద చేసి 2006లో రిటైరయ్యాను. ఇంజనీరును కాను. కాగితం మీద లెక్క తప్పితే పెద్దలు దిద్దవచ్చు. సుత్తి దెబ్బ విషయంలో మాత్రం నన్ను దిద్దనివ్వను.

ముందు పుస్తకాల్లో ఉన్న సంగతి చెప్పేస్తాను. తూర్పు కోస్తా రైలు మార్గం బెజవాడ నుంచి కటకం దాకా 1893, 1896 మధ్య పడింది. బెజవాడ దగ్గర కృష్ణ మీద వంతెన 1893 నాటికే తయారైంది. గోదావరి దగ్గర మాత్రం మార్గం తెగిపోయి ఉండేది. దక్షిణం నుంచి వచ్చిన రైలు కొవ్వూరు గట్టున ఆగిపోవలసిందే. జనం సామాను దింపుకుని నది దాటి, ఇవతల రాజమండ్రిలో మళ్ళీ రైలెక్కాలి. వరద రోజుల్లో ఈ దాటడం ఎలా ఉండేదో గోదావరి జిల్లాల వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. చెన్నపట్నానికీ కలకత్తాకూ మధ్య తెగిన దారాన్ని ముడివేయడానికి కట్టిందే మన హేవలాక్ వంతెన.

1897 నవంబరు 11న పని మొదలైంది. 1900 ఆగస్టు 30న రాకపోకలకు తెరిచారు. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ ఎలిబాంక్ హేవలాక్ పేరు పెట్టారు. ఆయన పేరు బోర్డు మీద ఉండేది, మా నోట్లో ఎప్పుడూ లేదు. రెండో వంతెన వచ్చేదాకా మాకది ఒట్టి 'బ్రిడ్జి'. వచ్చాక 'పాత బ్రిడ్జి'. కట్టించిన ఇంజనీరు ఫ్రెడరిక్ థామస్ గ్రాన్‌విల్ వాల్టన్. అంతకుముందు కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టిన అనుభవం ఆయనకున్నది. అది 1887లో పూర్తయింది, ఇప్పుడు దాన్ని మాలవీయ వంతెన అంటున్నారు. గంగను ఒడుపు చేసుకున్న చేతులతోనే గోదావరికి వచ్చాడన్నమాట.

మొత్తం 56 స్పాన్లు. ఊళ్ళోవాళ్ళు ఖానాలంటారు. ఒక్కొక్కటి 150 అడుగులు. రెండు గట్ల మీదా అబట్‌మెంట్లు పోగా నది మధ్యలో 55 స్తంభాలు, అన్నీ రాతికట్టువే. పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. వినడానికి మూడేళ్ళంటే కొద్దికాలం అనిపించదు. కాని గోదావరిలో ఏడాది పొడుగునా పని సాగదు. వరద తీసి ఇసుక మేటలు బయటపడిన తరువాత మొదలుపెట్టి, మళ్ళీ తొలకరికి నదిలోంచి బయటపడాలి. తేదీలు చూసుకోండి. 97 నవంబరు నుంచి 1900 ఆగస్టు దాకా ఆయన చేతికి వచ్చినవి మూడు పనికాలాలే. ఆ మూడింటిలోనే అన్ని పునాదులు, అన్ని స్తంభాలు, అన్ని గర్డర్లు పూర్తి కావాలి.

మన నదుల్లో పునాది ఎలా వేస్తారో బ్రిడ్జి లైనులో పనిచేసినవారికి తెలుసు, మిగతావారికోసం రెండు ముక్కలు. గోదావరి అడుగున ఇసుక. ఇసుక మీద రాయి పెడితే వరద దాని కింద ఇసుకను తోడేస్తుంది, రాయి కూర్చుండిపోతుంది. అందుకని బావి దింపుతారు. మనం పెరట్లో నుయ్యి తవ్వి లోపల ఒర కట్టుకుంటాం. ఇక్కడ ఒర ముందు, తవ్వడం తరువాత. అడుగున పదునైన అంచు ఉన్న చట్రం పెట్టి, దాని మీద గుండ్రంగా గోడ కడతారు. లోపలి ఇసుక తోడుతూ పోతే గోడ తన బరువుకు తానే దిగుతుంది. దిగినకొద్దీ పైన మళ్ళీ కడతారు. ఒకవైపు ఇసుక ఎక్కువ తోడితే బావి పక్కకు ఒరుగుతుంది. దాన్ని నిటారుకు తెచ్చేసరికి తల ప్రాణం తోకకు వస్తుంది. చాలినంత లోతు దిగాక అడుగున కాంక్రీటుతో మూసి, లోపల నింపి, పైన స్తంభం లేపుతారు. ఇప్పుడు మనకు నీటిపైన కనిపించే స్తంభం ఈ కథలో సగమే. ఆ బావులు దింపినవారి పేర్లు చెక్కిన రాయి నా ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆ వంతెన మీద ఎక్కడా నా కంటపడలేదు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. మనకు అన్నం పెట్టిన కాటన్ దొర రైళ్ళకంటే కాలవలు మేలని వాదించినవాడు. పడవ మీద సరుకు చవకగా పోతుంది, అదే నీళ్ళు పొలానికీ పారతాయన్నది ఆయన లెక్క. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దానికి ఎగువన, అదే ఊరి దగ్గర, అదే నది మీద రైలు స్తంభాలు లేస్తూండగా 1899 జూలైలో ఆయన ఇంగ్లండులో కన్నుమూశాడు. ఆనకట్టా వంతెనా ఒకదాని పక్కన ఒకటి దశాబ్దాలపాటు బతికాయి. కాలవ మీద ధాన్యం పడవలు నేను చిన్నప్పుడు చూశాను. నా మనవడు చూడలేదు. రైలు నెగ్గిందనుకోండి. అయితే డెల్టాలో ధాన్యమే లేకపోతే మన గూడ్సు బండ్లలో నింపడానికి ఏముండేదో కూడా ఆలోచించాలి.

ఇంతవరకూ పుస్తకాల్లో ఉన్నదే. కట్టిన మూడేళ్ళ కథ ఎవరైనా చెపుతారు. 1900 నుంచి 1997 దాకా కాచిన తొంభై ఏడేళ్ళ కథ చెప్పడానికే నేను లేచి నిలబడ్డాను.

మా నాన్న 1935లో చేరినప్పుడు జీతమిచ్చింది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీ, మన వాళ్ళ మాటలో ఎం.ఎస్.ఎం. 1944లో కంపెనీ సర్కారుపరమైంది. 1951లో సదరన్ రైల్వే అయింది. 1966 అక్టోబరు 2న సౌత్ సెంట్రల్ వచ్చింది. 'నాలుగు పేర్లు మారాయిరా, సుత్తి ఒక్కటే' అనేవాడు. ఆ సుత్తి సంగతి తరువాత చెపుతాను.

కీమాన్ పని ఏమిటంటే, తెల్లవారుతూనే భుజాన సుత్తి, స్పానరు, చేతిలో ఎర్రజెండా పచ్చజెండాలతో బయల్దేరి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడవడం, మళ్ళీ తిరిగి రావడం. హుక్ బోల్టు వదులైతే బిగించాలి. స్లీపరు కుళ్ళితే గుర్తు పెట్టాలి. రైలొస్తే పరుగున ట్రాలీ రెఫ్యూజ్‌లోకి ఎక్కి నిలబడాలి. ఆవిరి ఇంజన్ల కాలంలో ఇంకో గండం ఉండేది. ఇంజను బూడిదపెట్టె సరిగ్గా మూయకపోతే నిప్పుకణికలు చెక్క స్లీపర్ల మీద రాలేవి. అందుకే వంతెన మీద నీళ్ళ పీపాలు, ఇసుక ఉంచేవారు. బండి పోగానే నాన్న వెనక్కి తిరిగి పట్టాల వెంట చూసుకుంటూ నడిచేవాడు. స్లీపరు మీద ఎక్కడైనా ఎర్రగా మినుకుమంటే చెప్పుతో నలిపి, దోసెడు ఇసుక పోసేవాడు. ఆ స్లీపర్లలో ఏ ఒక్కటైనా రాత్రిపూట నిదానంగా అంటుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. ఏమీ కాలేదు కనుక ఏ పేపర్లోనూ రాలేదు.

రివెట్ల పరీక్ష ఆయన దగ్గరే నేర్చుకున్నాను. రివెట్టు తలకు ఒకవైపు వేలు ఆనించి, రెండోవైపు సుత్తితో కొట్టాలి. గట్టిగా ఉన్న రివెట్టు కొయ్యలా ఉంటుంది. వదులైంది వేలి కొస కింద పురుగులా కదులుతుంది. చెవికి తెలియకముందే వేలికి తెలుస్తుంది. 56 స్పాన్లలో రివెట్లు ఎన్నో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టినవాడు ఉంటే వాడికి ఇక్కడే సన్మానం చేద్దాం.

గోదావరి వంతెన అనగానే అందరికీ గుర్తొచ్చేది డబ్బులు వెయ్యడం. బండి వంతెన ఎక్కగానే కిటికీలన్నీ చేతులే. 'గోదారమ్మా, చల్లగా చూడు తల్లీ' అని కానీలు, అర్ధణాలు విసిరేవారు. నేనూ వేశాను, మీరూ వేశారు. అందులో సగం నీళ్ళలో పడవు. గర్డరుకు తగిలి టంగుమంటాయి, స్లీపర్ల సందుల్లో ఇరుక్కుంటాయి, స్తంభాల తలల మీద ఆగిపోతాయి. చిన్నప్పుడు నాన్నకు కేరేజి తీసుకెళ్ళి ఒకసారి ఒక అర్ధణా ఏరి జేబులో వేసుకున్నాను. ఆయన చూశాడు. కొట్టలేదు. 'అది మనది కాదు, దారిలో ఆగింది, అంతే' అని నా చేతనే కిందకు వదిలించాడు. తిరునాళ్ళకు దాచుకుందామనుకున్న అర్ధణా అది. చాలా రోజులు ఆయన మీద కోపంగా ఉన్నాను.

1958లో ఒక సాయంత్రం పాసింజరు వస్తోంది. నాన్న రెఫ్యూజ్‌లో నిలబడి, మామూలు ప్రకారం బండి చక్రాలు చూస్తున్నాడు. ఎవరో పుణ్యాత్ములు విసిరిన అణా బిళ్ళ కుడికంటికి తగిలింది. పాత అణాకు అంచు చుట్టూ వంకీలుండేవి, మీకు గుర్తుండే ఉంటుంది. కంట్లో నెత్తురు కారుతూండగానే వంతెన చివరిదాకా నడిచి వచ్చి, మేస్త్రీకి చెప్పి, జెండాలు అప్పగించి అప్పుడు కూర్చున్నాడు. ఆ కన్ను మళ్ళీ కనపడలేదు.

తరువాతి కథ మనందరికీ తెలిసిన కథే. ఇది డ్యూటీలో జరిగిన ప్రమాదమా కాదా అని ఒక ఆఫీసులో ఫైలు రెండేళ్ళు తిరిగింది. రైలు తగిలితే ప్రమాదం, డబ్బు తగిలితే ఏ పద్దు కింద రాయాలో వాళ్ళకు బోధపడలేదు. అమ్మ పుస్తెలు తాకట్టుకు వెళ్ళి వచ్చాయి, మళ్ళీ వెళ్ళాయి. చివరకు ఆయన్ని కీమాన్ పని నుంచి తీసి, వంతెన రంగుల గోడౌనుకు వాచ్‌మన్‌గా వేశారు. ఆ ఆఫీసు పేరు చెప్పను. అందులో ఉన్నవాళ్ళు కూడా నాలాగే పెన్షనర్లై ఉంటారు, కొందరు ఇక్కడే ఉండవచ్చు.

రిటైరయ్యాక నాన్న నాతో బండిలో కొవ్వూరు వచ్చేవాడు. వంతెన ఎక్కగానే పంచె కొంగులోంచి పది పైసలు తీసేవాడు. 'ఆ కన్ను పోయినా నీకింకా ఈ పిచ్చి పోలేదా నాన్నా' అన్నానొకసారి. 'విసరకూడదురా, వదలాలి' అన్నాడు. చెయ్యి కిటికీలోంచి బయట పెట్టి, కిందకు దించి, రెఫ్యూజ్ దాటాక వదిలేవాడు. బండిలో ఎవరైనా విసరబోతే చెయ్యి పట్టుకునేవాడు. దానివల్ల రెండుసార్లు దెబ్బలాట కూడా అయింది.

ఇక వరదలు. నాన్న చూసింది 1953 ఆగస్టు వరద. నేను చూసింది 1986 ఆగస్టు వరద. ఆగస్టు 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా పోయింది. ఆ రాత్రులు నాకు వంతెన మీద డ్యూటీ. స్తంభం మీద గేజి గుర్తులుంటాయి. గంటగంటకూ వెళ్ళి నీరు ఏ గుర్తు దగ్గరుందో చూసి పుస్తకంలో రాయాలి. పూరిళ్ళ కప్పులు, గడ్డివాములు, పశువులు కొట్టుకువస్తున్నాయి. మానులు వచ్చి స్తంభానికి తగిలితే ఆ దెబ్బ కాళ్ళలోంచి పళ్ళదాకా తెలిసేది.

ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. అర్ధరాత్రి దాటాక వాన ముంచెత్తింది. రెండు గంటల రీడింగుకు నేను స్తంభం దాకా వెళ్ళలేదు. ఒంటిగంటకు ఎంతుందో తెలుసు, ఎంత ఎక్కుతోందో తెలుసు, గట్టుమీదే నిలబడి లెక్కగట్టి రాసేశాను. మూడు గంటలకు వెళ్ళి చూస్తే నా లెక్కకూ నీటికీ పెద్ద తేడా లేదు. ఎవరికీ తెలియలేదు. పొద్దున్న ఇంటికొచ్చేసరికి నాన్న అరుగుమీద కూర్చుని ఉన్నాడు. అప్పటికి డెబ్బై నాలుగేళ్ళు. 'రాత్రి ఎంతదాకా వచ్చింది' అని అడిగాడు. చెప్పాను. గంటగంటకూ చెప్పమన్నాడు. రెండు గంటల దగ్గరకొచ్చేసరికి నా గొంతులో ఏం విన్నాడో, ఆ ఒంటికన్ను నా మీద నిలిపి 'చూసి రాశావా, ఊహించి రాశావా' అన్నాడు. నేను మాట్లాడలేదు. ఆయన లేచి లోపలికెళ్ళి పడుకున్నాడు. నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నాకు మెమోలు వచ్చాయి, ఇంక్రిమెంటు కూడా ఒకసారి ఆగింది. అవేవీ నాకిప్పుడు గుర్తు రావు. ఆ రెండు రోజులు మాత్రం గుర్తొస్తాయి.

వరద తగ్గాక స్తంభాల చుట్టూ లోతు కొలుస్తాం. తాడుకు గుండు కట్టి వదలడమే. ఇందులో ఒక మోసం ఉంది. నీరు ఉధృతంగా ఉన్నప్పుడు స్తంభం మొదట్లో ఇసుకను లోతుగా తోడేస్తుంది. తగ్గుముఖం పట్టగానే అదే నీరు ఇసుక తెచ్చి ఆ గుంట పూడ్చేస్తుంది. మనం వెళ్ళి కొలిచేసరికి ఏమీ జరగనట్టే ఉంటుంది. అసలు గుంట ఎంత లోతుకు పోయిందో గోదావరికే తెలియాలి. వాల్టన్ దొర బావులు అంత శ్రమపడి దింపించింది మనం చూడలేని ఆ గుంట కోసమే. అందుకే 53కూ 86కూ కూడా వంతెన చలించలేదు.

ఒంటిదారి వంతెన కావడంతో అటూ ఇటూ బండ్లు పడిగాపులు పడేవి. 1974లో రెండో వంతెన వచ్చింది, కింద రైలు, పైన రోడ్డు. 91.5 మీటర్ల స్పాన్లు 27, వాటితోపాటు చిన్నవి 7. రాజమండ్రి వైపు ఊరు అడ్డం రావడంతో అక్కడ వంతెనే వంపు తిరిగింది. అప్పటిదాకా కొవ్వూరు నుంచి రాజమండ్రికి రోడ్డు మీద వంతెన లేదు. రైలో, లాంచీయో, పడవో. మూడోది 1991లో మొదలై 1997లో పూర్తయిన కాంక్రీటు విల్లుల వంతెన. దానికి 28 స్పాన్లు. పాతదానికి 56, దీనికి సరిగ్గా సగం. ఇప్పుడు క్యాలెండర్ల మీదా సినిమాల్లోనూ కనిపించేది అదే. దాని అందాన్ని నేను కాదనను. మూడింటి మీదా నడిచినవాణ్ణి.

1997లో పాత వంతెన మీద రాకపోకలు ఆపేశారు. నాన్న 1991లోనే పోయాడు, ఒకందుకు మంచిదే. నేను ఒకరోజు సుత్తి తీసుకుని రాజమండ్రి గట్టు నుంచి కొవ్వూరు గట్టుకు నడిచాను. అలవాటుకొద్దీ మధ్యమధ్య ఆగి రైలొస్తోందేమోనని విన్నాను. దారిలో రివెట్లు కొడుతూ పోయాను. కొన్ని వదులుగా ఉన్నాయి. సున్నంతో గుర్తు పెట్టాను. తిరిగి వచ్చాక ఆ గుర్తులు ఎవరికి రిపోర్టు చేయాలో తెలియలేదు.

ఆ మరుసటేడు మన వాళ్ళ చిన్న సమావేశంలో వంతెన ఉంచాలా, ఇనుముకు అమ్మేయాలా అని చర్చ వస్తే, అమ్మేయడమే మేలని నేనే అన్నాను. ఆ రోజు నా మీద అరిచినవాళ్ళు ఇద్దరు ఇక్కడ ఉన్నారు. వంతెన కొడుకునై ఉండి అలా అన్నానని వాళ్ళ బాధ. నా బాధ వేరు. రైళ్ళు ఆపేశాం కనుక ఇక వంతెన విశ్రాంతి తీసుకుంటుందని అందరూ అనుకుంటున్నారు. మనలాగా దానికి రిటైర్‌మెంటు లేదు. రైలు రాకపోయినా ఎండ వస్తుంది. 150 అడుగుల గర్డరు చలికాలం రాత్రికీ రోహిణీకార్తె మధ్యాహ్నానికీ ముప్పాతిక అంగుళం దాకా సాగుతుంది. అది సాగడానికే స్తంభం మీద బేరింగు ఉంది. దానికి గ్రీజు పెట్టకపోతే తుప్పుపట్టి బిగుసుకుంటుంది. అప్పుడు గర్డరు సాగలేక స్తంభం తలమీది రాతిని తోస్తుంది. మా కాలంలో ఏటా కొన్ని స్పాన్ల చొప్పున గీకి, రెడాక్సైడు కొట్టి, పైన అల్యూమినియం రంగు వేసేవాళ్ళం. పని లేని వంతెనకు ఆ డబ్బు ఎవరిస్తారు? నా కళ్ళ ముందే తుప్పుపట్టి ముక్కలుగా గోదాట్లో పడటం కంటే గౌరవంగా విప్పేయడం నయమనిపించింది.

ఇప్పుడూ అదే అంటున్నానా అని అడుగుతారు. 2025 జూన్ 26న రాజమహేంద్రవరంలో అఖండ గోదావరి పథకానికి శంకుస్థాపన జరిగింది. 94.44 కోట్ల రూపాయల పని. అందులో మన హేవలాక్ వంతెనను పర్యాటకులకోసం తీర్చిదిద్దడం ఒక భాగం. ఆ వార్త చదివి నేను సంతోషించాను, అబద్ధం చెప్పను. నా మనవరాలు చెయ్యి పట్టుకుని ఆ వంతెన మీద రైలు భయం లేకుండా నడవాలని నాకూ ఉంది. అయితే దీపాలు ఎన్ని పెడతారు, కుర్చీలు ఎక్కడ వేస్తారు అని అందరూ అడుగుతున్నారు. బేరింగులు ఎవరు చూస్తారని అడిగినవాణ్ణి ఇంకా చూడలేదు. శంకుస్థాపన డబ్బు ఒక్కసారి వస్తుంది. రంగు డబ్బు ఏటా రావాలి. వంతెన మీద దీపాలు పెడితే పెట్టండి, దాంతోపాటు ఒక చిన్న గ్యాంగును కూడా పెట్టండి, సుత్తి పట్టుకుని రోజూ నడిచే మనుషులు నలుగురైదుగురు. ఆ సంగతి మన సంఘం తరఫున ఒక తీర్మానంగా రాసి పంపించవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాను. మనకంటే ఈ మాట అడగడానికి ఎక్కువ హక్కున్నవాళ్ళు ఎవరున్నారు? 98లో నా మీద అరిచిన ఆ ఇద్దరూ దీన్ని బలపరుస్తారని నా నమ్మకం. వాళ్ళు తల ఊపుతున్నారు, థాంక్స్.

ఇంకొక మనవి. మీ ఇళ్ళల్లో పాత వంతెన నాటి వస్తువులేవైనా ఉంటే, ఫొటో గాని, గ్యాంగు హాజరు చీటీ గాని, చేతిదీపం గాని, అటకమీద తుప్పు పట్టనివ్వకుండా మన సంఘం ఆఫీసులో ఇవ్వండి. పేరు రాసి పెడతాం. మా నాన్న రివెట్ సుత్తి ఇదిగో, ఇప్పుడే కార్యదర్శిగారి బల్లమీద పెడుతున్నాను. తల 1935 నాటిది. పిడి మాత్రం ఆయన రెండుసార్లు, నేను మూడుసార్లు మార్చాం. బరువు చూడాలనుకున్నవాళ్ళు టీ విరామంలో పట్టుకుని చూడవచ్చు. బల్ల అద్దం మీద కొట్టి చూడకండి, అది సంఘం డబ్బుతో కొన్నది.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. డి.ఎ. సంగతి వారు చెపుతారు. సెలవు.